మూడో రోజు అంకె

ఊపిరితిత్తి ఆపరేషన్ తర్వాత ముంచుకొచ్చే చిక్కును రక్తపరీక్ష కొన్నిసార్లు ఒకటి రెండు రోజుల ముందే పసిగడుతుంది. మిరప కల్లాలు, పత్తి మిల్లులు, పొగాకు బ్యారన్ల మధ్య బతికే మన జిల్లాల్లో ఆ అంకెను చదవాలంటే ముందు ఇంకో అంకె తెలిసి ఉండాలి.

"సీఆర్పీ ఎంతొచ్చిందంట?"

గుంటూరు కొత్తపేటలో ఏ ల్యాబ్ ముందు కాసేపు నిలబడినా ఈ ప్రశ్న చెవిన పడుతుంది. 2020కి ముందు ఈ పేరు డాక్టర్లకు, ల్యాబ్ టెక్నీషియన్లకు తప్ప ఎవరికీ పట్టేది కాదు. 2021 వేసవిలో కరోనా రెండో దశ ఊళ్ల మీద పడ్డాక సీఆర్పీ, డీ-డైమర్, ఫెరిటిన్, సీటీ స్కోరు అన్నీ రచ్చబండ మాటలైపోయాయి. రిపోర్టు ఫొటో తీసి హైదరాబాద్‌లో ఉన్న బావమరిదికో, అమెరికాలో ఉన్న మేనల్లుడికో పంపి, వాళ్ల జవాబు కోసం రాత్రంతా మేలుకున్న ఇళ్లు ఎన్నో. ఆ భయం ఇంకా పోలేదు. అంకె పెద్దదైతే గుండె జారిపోతుంది. చిన్నదైతే గండం గడిచిందనిపిస్తుంది.

ఊపిరితిత్తికి ఆపరేషన్ జరిగిన మనిషి విషయంలో ఈ రెండు నమ్మకాలూ ప్రమాదమే. పక్కటెముకల మధ్య కోసి ఊపిరితిత్తిలో ఒక భాగం తీసేసిన తర్వాత ఒకటి రెండు రోజుల్లో సీఆర్పీ లీటరుకు వంద మిల్లీగ్రాములు దాటడం మామూలు. మూడో రోజుకు నూటయాభై, రెండు వందలు చేరినా అది గాయం మానే క్రమంలో భాగమే కావచ్చు. ఇద్దరు రోగులున్నారనుకుందాం. ఒకరికి మూడో రోజు 190, ఐదో రోజు 90. ఇంకొకరికి మూడో రోజు 90, ఐదో రోజు 140. మొదటి మనిషి కాగితం చూసి ఇంటిల్లిపాదీ బెంబేలెత్తి ఉంటారు. సర్జన్ ఎక్కువసేపు నిలబడాల్సింది మాత్రం రెండో మనిషి మంచం దగ్గర.

సాగర్ నీటితో సేద్యం చేసేవాళ్లకు ఈ లెక్క కొత్తది కాదు. పేపర్లో డ్యామ్ మట్టం 560 అడుగులని చదివి ఊరుకునే రైతు ఉండడు. నిన్న ఎంతుంది, పైనుంచి వరద వస్తోందా, ఆగిపోయిందా అని అడుగుతాడు. నిండు మట్టం 590 అని తెలిసినా, నీళ్లు పెరుగుతున్నాయో తరుగుతున్నాయో తేలాకే నారు పోస్తాడు. రక్తంలోని ఇన్‌ఫ్లమేషన్ సూచికలనూ అలాగే చదవాలి. దానికి తోడు మన ప్రాంతంలో ఇంకో ప్రశ్న తప్పకుండా అడగాలి. ఆపరేషన్‌కు ముందు ఈ మనిషి అంకె ఎంత? నన్నడిగితే అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇదే. మన ఆస్పత్రుల కాగితాల్లో వెతికినా తేలిగ్గా దొరకనిదీ ఇదే.

కాలేయం నుంచి కబురు

దెబ్బ తగిలినా, సూక్ష్మజీవి చొరబడినా శరీరం ఒకే రకంగా లేచి నిలబడుతుంది. ఆ చోటికి రక్తం పరుగెత్తుతుంది, తెల్లకణాలు చేరతాయి, వాపు, వేడి, నొప్పి పుడతాయి. దీన్నే వైద్యులు ఇన్‌ఫ్లమేషన్ అంటారు. దెబ్బతిన్న చోట ఉన్న కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 అనే రసాయనాన్ని రక్తంలోకి వదులుతాయి. అది కాలేయాన్ని చేరగానే, అక్కడ సి-రియాక్టివ్ ప్రొటీన్ తయారీ మొదలవుతుంది. అదే మన సీఆర్పీ. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో విలియం టిలెట్, థామస్ ఫ్రాన్సిస్ అనే ఇద్దరు పరిశోధకులు న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని గుర్తించారు. న్యుమోకాకస్ క్రిమి పైపొరలోని 'సి' అనే పదార్థానికి అతుక్కునేది కాబట్టి ఆ పేరు వచ్చింది. అంటే ఈ పరీక్ష పుట్టిందే ఊపిరితిత్తుల జబ్బు నుంచి.

దీని నడకలో ఒక సుగుణం ఉంది. గాయమైన ఆరు గంటలకు పెరగడం మొదలుపెడుతుంది. రెండు రోజులకు అటూ ఇటుగా శిఖరానికి చేరుతుంది. కారణం తీరిపోతే దాదాపు 19 గంటలకోసారి సగానికి సగం పడిపోతుంది. ఆపరేషన్ గాయం ఒక్కసారిగా మానదు కాబట్టి నిజజీవితంలో అంత వేగంగా దిగకపోయినా, మూడో రోజు దాటాక దిగుముఖం పట్టాల్సిందే. దిగకుండా అక్కడే నిలబడినా, దిగి మళ్లీ ఎక్కినా, లోపల కొత్త కారణం ఏదో మొదలైందని అనుమానించాలి. జ్వరం రాకముందే, ఎక్స్‌రేలో మచ్చ తేలకముందే ఈ మలుపు కనబడే సందర్భాలున్నాయి. ఆపరేషన్ చేసినవాళ్లు మూడు, నాలుగు, ఐదు రోజుల అంకెలను అంత శ్రద్ధగా చూసేది అందుకే.

ఊపిరితిత్తి ఆపరేషన్ మిగతావాటిలాంటిది కాదు. సర్జన్ పని చేయాలంటే ఆ వైపు ఊపిరితిత్తిని గాలి లేకుండా ముడుచుకోనివ్వాలి. అంతసేపూ మత్తు డాక్టరు రెండో ఊపిరితిత్తి ఒక్కదానితోనే మనిషిని బతికించాలి. పని అయ్యాక ముడుచుకున్నదాన్ని మళ్లీ ఉబ్బిస్తారు. ముడుచుకున్నది మళ్లీ తెరుచుకునేటప్పుడు ఒక దెబ్బ, ఒంటరిగా భారం మోసినదానికి ఇంకో దెబ్బ. కోత, పక్కటెముకల ఎడం, లోపల పెట్టిన గొట్టం వీటికి అదనం. అందుకే కోత సైజును బట్టి కూడా అంకె మారుతుంది. ఎడిన్‌బరో సర్జన్లు 2001లో ప్రచురించిన పరిశోధనలో, ఛాతీ తెరిచి చేసినవాళ్లకంటే కెమెరా సాయంతో చిన్న రంధ్రాల ద్వారా చేసినవాళ్లలో సీఆర్పీ, ఇంటర్‌ల్యూకిన్-6 రెండూ తక్కువగా పెరిగాయి. పక్క మంచం పేషెంటుకు 80 వచ్చింది, మా నాన్నకు 180 ఎందుకొచ్చిందని నిలదీసేవాళ్లు ముందు ఆ ఇద్దరి కోతలూ ఒకటేనా అని చూడాలి.

మన దగ్గర ఈ ఆపరేషన్ ఎవరికి జరుగుతుంది? క్యాన్సర్ ఒక్కటే గుర్తొస్తే సగం మంది లెక్కలోకి రానట్టే. క్షయ వచ్చి తగ్గాక ఛాతీలో చీము పేరుకుని, గట్టిపడి, ఊపిరితిత్తిని తొక్కలా బిగించేస్తుంది. ఆ తొక్కను ఒలిచి తీయడానికి పెద్ద ఆపరేషనే కావాలి. పాత క్షయ గుహల్లో బూజు పట్టి నెత్తురు కక్కుకునేవాళ్లుంటారు. గొర్రెల మందలు, వాటి వెంట కుక్కలు తిరిగే మెట్ట ప్రాంతాల్లో హైడాటిడ్ అనే నీటితిత్తి ఊపిరితిత్తిలో పెరుగుతుంది. దేశంలో ఈ జబ్బు ఎక్కువగా కనబడే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. వీళ్లలో చాలామంది ఆపరేషన్ బల్ల ఎక్కకముందే నెలల తరబడి లోపల చీముతో, దగ్గుతో, నీరసంతో నలిగి ఉంటారు. వాళ్ల రక్తం అప్పటికే ఒక కథ చెబుతూ ఉంటుంది.

మంగళగిరి కొండ కింద

రక్తాన్ని చూసి ఊపిరితిత్తి సంగతి చెప్పడం ఈ నేలకు కొత్త కాదు. ఇవాళ మంగళగిరిలో ఎయిమ్స్ నిలబడిన స్థలం ఒకప్పుడు క్షయ శానిటోరియం. 2015 డిసెంబర్‌లో ఎయిమ్స్‌కు శంకుస్థాపన జరిగింది ఆ ఆవరణలోనే. మందులు లేని రోజుల్లో క్షయ రోగులకు దొరికే వైద్యమల్లా మంచి గాలి, మంచి తిండి, కదలకుండా పడక. ఆ పద్ధతికి మన తెలుగు నేల మీద పెద్ద పేరు మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం. 1915లో తెరిచిన ఆ యూనియన్ మిషన్ శానిటోరియాన్ని డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ తీర్చిదిద్దారు. దక్షిణాది నలుమూలల నుంచీ రోగులు అక్కడికి వెళ్లేవారు.

శానిటోరియాల కాలంలో రోగి మెరుగవుతున్నాడా లేదా అన్నది తూకం, జ్వరం పట్టీతో పాటు ఈఎస్ఆర్ చెప్పేది. సన్నని గాజు గొట్టంలో రక్తం నిలబెడితే గంటలో ఎర్రకణాలు ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగాయో చూసే పరీక్ష అది. స్వీడన్‌కు చెందిన ఆల్ఫ్ వెస్టర్‌గ్రెన్ 1921లో ఈ పద్ధతిని స్థిరపరిచింది కూడా ఊపిరితిత్తి క్షయ రోగుల మీదే. పరికరం అంటే ఒక గొట్టం, ఒక గడియారం. కరెంటు కూడా అక్కర్లేదు. పేద దేశాల ఆస్పత్రులకు ఇంతకంటే మేలు చేసిన పరీక్షలు చాలా తక్కువ.

ఆపరేషన్లు అప్పుడూ ఉండేవి. పక్కటెముకలు కొన్ని తీసేసి, క్షయ పట్టిన ఊపిరితిత్తిని నొక్కి పడుకోబెట్టే థొరాకోప్లాస్టీ వాటిలో ముఖ్యం. మనిషి బతికేవాడు, భుజం మాత్రం ఒరిగిపోయేది. పాతతరంలో అలా ఒక పక్కకు వంగి నడిచే పెద్దలను చూసినవాళ్లు ఇప్పటికీ ఉంటారు. 1940ల చివర్లో అమెరికన్ సర్జన్ రీవ్ బెట్స్ వేలూరు సీఎంసీకి వచ్చి, దేశంలో తొలి ఛాతీ శస్త్రచికిత్స విభాగాన్ని నిలబెట్టాక ఈ విద్య మన వైపు గట్టిగా వేళ్లూనుకుంది. ఈలోగా స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియజిడ్ వచ్చాయి. 1956లో మద్రాసులో మొదలైన క్షయ చికిత్స పరిశోధన కేంద్రం, ఇంటి దగ్గర మందులు మింగినవాళ్లూ శానిటోరియంలో ఉన్నవాళ్లతో సమానంగా కోలుకుంటారని 1959లో ప్రపంచానికి చూపించింది. శానిటోరియాల అవసరం తీరిపోయింది.

ఈఎస్ఆర్ మాత్రం మిగిలింది. ఇప్పటికీ చాలా క్లినిక్కుల్లో మొదట రాసే పరీక్ష అదే. క్షయలాంటి నిదానపు జబ్బుకు అది సరిపోతుంది. ఆపరేషన్ తర్వాత మూడో రోజుకు సరిపోదు. రక్తంలోని ఫైబ్రినోజన్ మీద ఆధారపడి అది మెల్లగా పెరుగుతుంది, దిగడానికి వారాలు తీసుకుంటుంది. రోజు రోజుకూ మారే సంగతిని అది పట్టుకోలేదు. ఛాతీ ఆపరేషన్ అయిన వారానికి ఈఎస్ఆర్ 80 వచ్చిందని భయపడి యాంటీబయాటిక్ మార్చమని ఒత్తిడి చేయడం అనవసరం.

కల్లం దుమ్ము, మిల్లు దుమ్ము, చుట్ట పొగ

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. పుస్తకాల్లో సీఆర్పీ మామూలు స్థాయి లీటరుకు 5 మిల్లీగ్రాముల లోపని ఉంటుంది, కొన్ని ల్యాబులు 10 లోపని రాస్తాయి. ఆ మామూలు మనిషి ఎవరు? పొగ తాగని, షుగరు లేని, పళ్లు చిగుళ్లు బాగున్న, దుమ్ములో పని చేయని మనిషి. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో యాభై ఏళ్లు దాటి ఊపిరితిత్తి ఆపరేషన్ దాకా వచ్చినవాళ్లలో అలాంటివాళ్లు ఎందరు?

సంక్రాంతి దాటగానే మిరప కల్లాలు ఎర్రబడతాయి. ఎండిన కాయ తిరగేసేటప్పుడు, తొడిమలు తీసేటప్పుడు, బస్తాలు తొక్కేటప్పుడు లేచే ఘాటు ముక్కునూ గొంతునూ మండిస్తుంది. ఆడకూలీలు చీర కొంగు ముక్కుకు కట్టుకుని రోజంతా అందులోనే కూర్చుంటారు. యార్డులో బస్తాలు మోసే హమాలీలకూ అదే గాలి. పత్తి వైపు చూస్తే జిన్నింగ్ మిల్లుల్లో నూగు దుమ్ము. పత్తి దుమ్ముతో వచ్చే బిసినోసిస్ అనే జబ్బుకు ఒక గుర్తుంది. ఆదివారం సెలవు తర్వాత సోమవారం పనిలోకి దిగగానే ఛాతీ బిగుసుకుంటుంది, వారం గడిచేకొద్దీ తగ్గినట్టు అనిపిస్తుంది. ఏళ్లు గడిస్తే అది వారమంతా ఉండిపోతుంది. చీమకుర్తి గ్రానైట్, మార్కాపురం పలకల పనిలో రాతిదుమ్ము. ఊపిరితిత్తిలో ఇసుకలా పేరుకునే సిలికా, క్షయ వచ్చే ముప్పును కూడా పెంచుతుంది.

వీటన్నిటి మీదా పొగాకు. 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు కేంద్ర కార్యాలయం గుంటూరులోనే ఉండటం యాదృచ్ఛికం కాదు. పండించే చోట తాగడమూ ఎక్కువే. చుట్ట, బీడీ, సిగరెట్టు ఏదైనా సరే, పొగ తాగేవాళ్ల రక్తంలో తెల్లకణాలు, సీఆర్పీ తాగనివాళ్లకంటే కాస్త పైనే ఉంటాయి. పొగతో చితికిన ఊపిరితిత్తి గోడలు పలచబడతాయి. ఆపరేషన్‌లో కుట్టిన చోట గాలి లీకవుతుంది, మానడానికి రోజులు పడుతుంది. షుగరు, చిగుళ్ల వాపు, అరికాలి పుండు, పాత క్షయ, ఇవన్నీ ఒక్కొక్కటీ రక్తంలో తమ వంతు అంకె వేస్తాయి.

కాబట్టి ఆపరేషన్ ముందు రోజు సీఆర్పీ 4 ఉన్న మనిషి, 38 ఉన్న మనిషి ఇద్దరూ మూడో రోజు 160 దగ్గర ఉన్నారంటే, ఇద్దరి కథా ఒకటి కాదు. రెండో మనిషి ఎక్కడినుంచి బయలుదేరాడో తెలియకపోతే, ఐదో రోజు అతని అంకె తగ్గడం లేదన్న కంగారులో అవసరం లేని స్కాన్లు తీస్తాం. లేదంటే 'వీళ్లకి మామూలేలే' అని నిజమైన చిక్కును వదిలేస్తాం. ముందే ఎక్కువగా ఉన్న అంకె ఇంకో పని కూడా చేస్తుంది. చాలా దేశాల పరిశోధనల్లో, ఆపరేషన్‌కు ముందే ఇన్‌ఫ్లమేషన్ సూచికలు ఎక్కువగా ఉన్నవాళ్లకు తర్వాత న్యుమోనియాలాంటి చిక్కులు ఎక్కువగా వచ్చాయని తేలింది. అదే గొలుసులో ఆల్బుమిన్ ఒకటి. ఇన్‌ఫ్లమేషన్ నడుస్తున్నప్పుడు కాలేయం సీఆర్పీ పెంచి ఆల్బుమిన్ తగ్గిస్తుంది, తిండి సరిగ్గా లేకపోయినా అది తగ్గుతుంది. గ్లాస్గో వైద్యులు 2003లో ఈ రెండింటినీ కలిపి ఒక స్కోరు తయారు చేశారు. సీఆర్పీ 10 దాటిందా, ఆల్బుమిన్ లీటరుకు 35 గ్రాముల కంటే తగ్గిందా అన్న రెండే ప్రశ్నలు. ఆపరేషన్‌కు వీలుకాని ఊపిరితిత్తి క్యాన్సర్ రోగులు ఎంతకాలం బతుకుతారన్నది అంచనా వేయడానికి దాన్ని మొదట వాడారు, తర్వాత ఆపరేషన్ రోగులకూ విస్తరించారు. నరసరావుపేటలోనో, దర్శిలోనో, గిద్దలూరులోనో ఉన్న ల్యాబులో కూడా చేయించుకోగలిగిన పరీక్షలు రెండూ.

తొందరపెట్టని జబ్బయితే, ఈ ముందు అంకెను తగ్గించుకోవడానికి సమయం ఉంటుంది. కనీసం నాలుగు వారాలు పొగ మానడం, చిగుళ్లకు వైద్యం, షుగరు అదుపు, గుడ్డూ పప్పూ దండిగా తినడం, మూడు బంతుల స్పైరోమీటర్‌తో ఊపిరి సాధన, రోజూ మెట్లు ఎక్కడం. ఆ నెల రోజులూ కల్లం ముఖం చూడొద్దని రోగికి చెప్పాలని నేను గట్టిగా అనుకుంటాను. పంట ఇంటికి వచ్చే కాలంలో ఆ మాట చెప్పడం తేలిక కాదు. ఆ పని చేయడానికి ఇంట్లో ఇంకెవరో ఒకరు ముందుకు రావాలి.

ఆ అంకె దేన్ని పట్టుకుంటుంది?

ఊపిరితిత్తి ఆపరేషన్ తర్వాత వచ్చే చిక్కుల్లో న్యుమోనియా మొదటిది. నొప్పికి భయపడి రోగి దగ్గడు. కఫం లోపలే నిలిచి ఒక భాగం ముడుచుకుపోతుంది, అందులో క్రిములు చేరతాయి. రెండోది ఆగని గాలి లీకు. ఛాతీ గొట్టం చివర నీళ్ల సీసాలో బుడగలు ఐదు రోజులు దాటినా వస్తుంటే దాన్ని దీర్ఘకాలపు లీకంటారు. గొట్టం ఎక్కువ రోజులు ఉన్నకొద్దీ చీము పట్టే ముప్పు పెరుగుతుంది. మూడోది గుండె లయ తప్పడం. ఊపిరితిత్తిలో ఒక భాగం తీసేసినవాళ్లలో పదిమందికి ఒకరి నుంచి ఇద్దరి దాకా ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వస్తుంది. ఎక్కువగా రెండు నుంచి నాలుగు రోజుల మధ్య, సరిగ్గా ఇన్‌ఫ్లమేషన్ శిఖరం మీద ఉన్నప్పుడే. అన్నిటికంటే భయపెట్టేది ఊపిరిగొట్టం కుట్టు విడిపోవడం. దాని గురించి చివర్లో చెబుతాను.

సీఆర్పీ వీటిలో ఏది వచ్చిందో చెప్పదు, ఏదో వచ్చిందేమో చూడమంటుంది. ఆ తేడా అర్థం కావడానికి పొట్ట ఆపరేషన్ల నుంచి ఒక ఉదాహరణ. పెద్దపేగు ఆపరేషన్ తర్వాత కుట్టు లీకవుతుందా అన్నది సీఆర్పీతో తేల్చవచ్చా అని 7 అధ్యయనాలను, 2,483 మంది రోగులను కలిపి చూసిన విశ్లేషణ 2014లో వచ్చింది. మూడో రోజు 172, నాలుగో రోజు 124, ఐదో రోజు 144 గీతలుగా తేలాయి. అంకె గీత కింద ఉంటే లీకు లేదని 97 శాతం ధైర్యంగా చెప్పవచ్చు. గీత దాటితే మాత్రం నిజంగా లీకున్నవాళ్లు వందకు పాతికమంది కూడా లేరు. ఊపిరితిత్తి ఆపరేషన్లకు అందరూ ఒప్పుకున్న ఇలాంటి గీత ఇంకా రాలేదు. కోత రకాన్ని బట్టి, జబ్బును బట్టి అంకెలు మారిపోవడం దానికొక కారణం. అయినా ఆ పాఠం ఇక్కడా పనికొస్తుంది. తక్కువ అంకె గట్టి భరోసా, అయితే ఆ భరోసా ఆ రోజు వరకే. ఎక్కువ అంకె తీర్పు కాదు, తనిఖీకి పిలుపు. ఆ పిలుపు వచ్చాక స్టెతస్కోపు, ఎక్స్‌రే, కఫం పరీక్ష, అవసరమైతే సీటీ తమ పని చేయాలి.

సీఆర్పీని తప్పుదారి పట్టించేవి కూడా ఉన్నాయి. కాలేయం బాగా దెబ్బతిన్న మనిషిలో అది పెరగాల్సినంత పెరగకపోవచ్చు. మన దగ్గర సారాతో కాలేయం పోగొట్టుకున్నవాళ్లు తక్కువేం కాదు. ఆయాసానికి స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్లలో, వాంతులు రాకుండా ఆపరేషన్ బల్ల మీద డెక్సామెథసోన్ ఇచ్చినవాళ్లలో కూడా అంకె అణిగి ఉంటుంది. ఇలాంటి చోట ప్రొకాల్సిటోనిన్ కొంత సాయపడుతుంది. 1993లో ఫ్రెంచ్ వైద్యులు వెలుగులోకి తెచ్చిన ఈ పరీక్ష, గాయానికంటే బాక్టీరియాకే ఎక్కువగా స్పందిస్తుంది. సీఆర్పీకి కొన్ని వందలైతే దీనికి వేలల్లో అవుతుంది. రోజూ చేయించమనడం పేదింటికి శిక్ష. సీఆర్పీ ఎటూ తేల్చనప్పుడు, యాంటీబయాటిక్ మొదలుపెట్టాలా ఆపాలా అన్న మీమాంసలో ఒకసారి చేయించడం సబబు.

ఖర్చే లేని సూచిక మన చేతిలోనే ఉంది. ఆపరేషన్‌కు ముందూ తర్వాతా ప్రతి రోగికీ చేసే సీబీపీ కాగితంలో తెల్లకణాల విభజన ఉంటుంది. న్యూట్రోఫిల్స్ శాతాన్ని లింఫోసైట్స్ శాతంతో భాగించండి. 60, 30 అయితే రెండు. 84, 8 అయితే పదిన్నర. శరీరం ఒత్తిడిలో ఉన్నప్పుడు మొదటివి పెరిగి రెండోవి తగ్గుతాయి కాబట్టి ఈ నిష్పత్తి పైకి పోతుంది. ఆరోగ్యవంతుల్లో ఇది మామూలుగా ఒకటికీ మూడుకీ మధ్య ఉంటుంది. ఆపరేషన్ మర్నాడు ఎవరికైనా పెరుగుతుంది, తర్వాతి రోజుల్లో దిగాలి. స్టెరాయిడ్లు దీన్ని కూడా తారుమారు చేస్తాయి, ఈసారి పైకి. సీఆర్పీని కిందికి, దీన్ని పైకి లాగే మందు ఒంట్లో ఉందని తెలియకపోతే రెండు కాగితాలూ ఒకదానితో ఒకటి కొట్లాడుతున్నట్టు కనబడతాయి.

ఇంకో చిన్న విషయం, పెద్ద గందరగోళం. కొన్ని ల్యాబులు సీఆర్పీని లీటరుకు మిల్లీగ్రాముల్లో రాస్తాయి, కొన్ని డెసిలీటరుకు రాస్తాయి. గుంటూరులో 120 అని ఉన్న రక్తమే ఇంకో ఊరి ల్యాబులో 12 అని రావచ్చు. రెండూ ఒకటే. '120 నుంచి 12కి దిగింది' అని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటే, నిజానికి ఏమీ దిగలేదు. హెచ్ఎస్-సీఆర్పీ అని ఇంకోటి ఉంది, అది గుండెజబ్బు ముప్పు కోసం చేసే సున్నితమైన పరీక్ష. ఆపరేషన్ తర్వాత దానితో పని లేదు. వీలైనంత వరకు ఒకే ల్యాబులో, ఒకే కొలమానంలో చేయించుకోవడం మేలు.

డిశ్చార్జి కాగితంలో లేని వరస

మన దగ్గర వసతులు లేవని అనడానికి లేదు. 1946లో పుట్టిన గుంటూరు వైద్య కళాశాలకు అనుబంధమైన జీజీహెచ్‌లో 2016లో డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందం గుండె మార్పిడి చేసింది, రాష్ట్రంలో ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో అది మొదటిసారి. అదే ప్రాంగణంలో నాట్కో ట్రస్టు కట్టిన క్యాన్సర్ కేంద్రం పనిచేస్తోంది. పక్కన మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకం పేదల ఆపరేషన్ ఖర్చు మోస్తోంది. లోటు ఎక్కడంటే, ఆపరేషన్ చేసిన చోటికీ రోగి పడుకునే చోటికీ మధ్య ఉన్న వంద, నూటయాభై కిలోమీటర్లలో. కుట్లు విప్పకముందే రోగి యర్రగొండపాలెం పక్క పల్లెకో, వినుకొండ తండాకో చేరిపోతాడు. ఎనిమిదో రోజు రాత్రి జ్వరం వస్తే దగ్గర్లోని ఆర్ఎంపీని పిలుస్తారు, ఆయన ఒక ఇంజక్షన్ వేస్తాడు. మర్నాడు స్థానిక ల్యాబులో సీఆర్పీ 95 వస్తుంది. అది దిగుతున్న 95నా, ఎక్కుతున్న 95నా? డిశ్చార్జి కాగితంలో చివరి అంకె రాసి ఉంటే ఎవరైనా చెప్పగలరు. చాలా కాగితాల్లో ఆపరేషన్ పేరు, మందుల పేర్లు, మళ్లీ రావాల్సిన తేదీ మాత్రమే ఉంటాయి.

అక్కడ ఒక్క వరస చేర్చడానికి పైసా ఖర్చు లేదు. ఆపరేషన్‌కు ముందు సీఆర్పీ, మూడో రోజుది, ఇంటికి పంపే రోజుది, కొలమానంతో సహా. స్టెరాయిడ్ ఏదైనా ఇచ్చి ఉంటే అది కూడా. ఆస్పత్రులు రాయకపోతే, రోగి వెంట ఉన్నవాళ్లే అడిగి రాయించుకోవచ్చు. "డాక్టరు గారూ, నాన్నకి సీఆర్పీలు తేదీలవారీగా ఒకచోట రాసివ్వండి" అంటే కాదనే డాక్టరు ఉండరని నా నమ్మకం.

ఇక ఊపిరిగొట్టం కుట్టు విడిపోవడం సంగతి. ఇది ఎక్కువగా మొదటి రెండు వారాల్లో, అంటే చాలామంది ఇల్లు చేరిన తర్వాత జరుగుతుంది. ఊపిరితిత్తి మొత్తం తీసేసినవాళ్లలో, అందులోనూ కుడివైపు తీసినవాళ్లలో ముప్పు ఎక్కువ. దిగాల్సిన సీఆర్పీ దిగకపోవడం, సన్నజ్వరం ముందుగా కనబడవచ్చు. తర్వాత ఉన్నట్టుండి నీళ్లలాంటి, నెత్తురు చార కలిసిన కఫం చాలా ఎక్కువగా పడుతుంది, పడుకుంటే దగ్గు ముంచుకొస్తుంది. ఛాతీలో చేరిన ద్రవం తెగిన గొట్టంలోంచి మంచి ఊపిరితిత్తిలోకి పోతోందన్నమాట. అలాంటప్పుడు రోగిని వెల్లకిలా పడుకోబెట్టకూడదు. ఆపరేషన్ జరిగిన వైపు కిందికి ఉండేలా ఒత్తిగిలి పడుకోబెట్టాలి, లేదా కూర్చోబెట్టాలి. దగ్గు మందు వేసి తెల్లారేదాకా చూద్దామని ఆగకూడదు. 108కి ఫోన్ చేసి, ఊపిరితిత్తి ఆపరేషన్ అయిన మనిషి అని మొదటి మాటగా చెప్పాలి. బయలుదేరేటప్పుడు దుప్పటి మరిచిపోయినా ఫర్వాలేదు, తేదీలవారీగా అంకెలున్న ఆ కాగితం మాత్రం చేతిలో ఉండాలి.